మధ్యలో తెగిన భావవాహిని

చంద్రుడి మీద కాపురాలు పెట్టిన రెండో తరం అది. భూమి కనిపించే వైపున ఊరు, కనిపించని వైపున గనులు. ఆ రెంటినీ కలుపుతూ రాతి కింద పాతిన తీగ పేరు భావవాహిని. నెత్తిన టోపీ పెట్టుకుంటే చాలు, ఇవతలి మనిషి దిగులూ సంతోషమూ విద్యుత్ సంకేతాలై అవతలి మనిషి మనసుకు చేరతాయి. దాన్ని రూపొందించిన ఇంజనీర్లలో అలివేలు ఒకతె. ఆమె భర్త సుదర్శనం గనుల్లో శిలలు పరీక్షించే శాస్త్రవేత్త. రోజూ పని దిగాక ఆమె టోపీ పెట్టుకునేది. ఇంటికి వచ్చేయాలన్న ఆయన బెంగ ఆమె గుండెను పిండేది.

ఆ రోజు రేడియోలో ఆయన గొంతు మహా హుషారుగా ఉంది.

"ఇంకో అయిదేళ్లు ఇక్కడే ఉంటానని ఒప్పేసుకున్నాను అలివేలూ. నీకూ ఇష్టమేగా!"

"నాకా? నేనెప్పుడన్నానండీ?"

"అనాలా ఏంటి? రోజూ నీ ఉత్సాహం నాకు తెలుస్తూనే ఉందిగా."

అలివేలుకు ఏమీ అంతుపట్టలేదు. ఉత్సాహమా? తనకా? మరి రోజూ తనను తాకుతున్న ఆ బెంగ ఎవరిది?

లైన్లు చూసే రవూఫ్‌ను పిలిపించింది. అతను తీగలోకి చిన్న విద్యుత్ స్పందన పంపి, తెర వంక చూసి, నమ్మలేక మళ్లీ పంపాడు.

"మేడం, ఇది గనుల దాకా పోవడమే లేదు. సగం దారిలోంచే తిరిగొచ్చేస్తోంది."

ప్రతి తీగకూ తనదైన అవరోధం, అంటే ఇంపెడెన్స్, ఉంటుంది. దారి పొడవునా, చివర తగిలించే టెర్మినేటర్‌లోనూ అది ఒకేలా ఉంటే సంకేతం సాఫీగా సాగిపోతుంది. తేడా వచ్చిన చోట కొంత వెనక్కి మళ్లుతుంది, అదే పరావర్తనం. ఇక తీగే తెగితే మొత్తం, ఉన్నది ఉన్నట్టు, పంపినవాళ్లకే వచ్చేస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు ఈ పాఠం చెప్పేది అలివేలే.

"నిరుడు చంద్రకంపం వచ్చింది చూడండి, అప్పుడే మధ్య కనెక్టర్ ఊడిపోయి ఉంటుంది," అన్నాడు రవూఫ్. "ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదే మరి!"

"ఎవరి మనసు వాళ్లకే వచ్చి చేరుతుంటే ఫిర్యాదు దేనికి చేస్తారు?"

రవూఫ్ రోవర్ వేసుకుని వెళ్లి కనెక్టర్ బిగించాడు. అలివేలు టోపీ పెట్టుకుంది.

బెంగ లేదు. ఏదో కొండ అంచున నిలబడి చుక్కల్ని చూస్తున్నంత ఆనందం. అందులో తన కోసం ఎదురుచూపు ఎక్కడుందా అని వెతికింది. లేదు. ఇది తన మొగుడి మనసేనా?

రేడియో గరగరలాడింది.

"అలివేలూ, ఇది నువ్వేనా? టోపీ పెట్టుకుంటే ఎవరో ఏడుస్తున్నట్టుంది. లైన్లో ఏదో లోపముంది, రవూఫ్‌కి చెప్పి బాగు చేయించు."

"బాగు చేశాడండీ."

ఆయన గొంతు తగ్గించి, "పోనీ, మునుపటిలా పెట్టించలేవా?" అని అడిగాడు.

సరిగ్గా ఆ మాటే అందామని ఆమె కూడా నోరు తెరిచి ఉంది.