వదిన, తగినంత

వెంకాయమ్మ మణికట్టు మీది సెగపట్టీ పసుపురంగులోకి తిరిగింది. అంతే, బెల్లం గిన్నె కింద పొయ్యి దానంతట అదే ఆరిపోయింది.

"ఇంకా బెల్లమన్నా కరగందే!" అంది వెంకాయమ్మ.

"మీ నివురుసెగ పెరుగుచున్నది. విశ్రాంతి తీసుకొనుడు," అంది పట్టీ, వార్తలు చదివే గొంతుతో.

"తీసుకోవడానికి అదేమన్నా తాంబూలమా?"

పట్టీకి వెటకారం తెలియదు. తెలిస్తే ఈ కథే ఉండేది కాదు.

తెనాలిలో ఆ రోజుల్లో పట్టీ లేని చెయ్యి లేదు. వెనకటి జనం ఒకడు గుండె ఆగి, ఒకడు చక్కెర ముదిరి, ఒకడు కీళ్ళు బిగిసి, ఒకడు మతి తప్పి పోయేవాళ్ళు. ఎవడి రోగం వాడిదే అనుకునేవాళ్ళు. చాలా రోగాల వెనక నివురు గప్పిన నిప్పులాంటి సెగ ఒకటి ఉందని తరవాత తేలింది. ముల్లు గుచ్చుకుంటే వేలు ఎర్రబడి వాస్తుంది. అది మంచిదే, ఒంటి కాపలావాడు కర్ర పుచ్చుకుని వచ్చాడన్నమాట. దొంగ పారిపోయాక కూడా వాడు కర్ర దించకుండా ఇంట్లోవాళ్ళనే బాదుతూ కూర్చుంటే, అదే నివురుసెగ. అలాంటి కాపలావాళ్ళు ఒంట్లోనే కాదు, ఊళ్ళోనూ ఉంటారు. వాళ్ళకి మందు ఇంకా రాలేదు.

ఒంట్లోవాళ్ళకి మాత్రం వచ్చింది. కంటికి కనపడని చల్లారికలు నెత్తుట్లో తిరిగి సెగ ఆర్పుతాయి. ఎంత ఆరిందో పట్టీ చూస్తుంది. మేలు జరగలేదంటే కళ్ళు పోతాయి. తొంభై ఏళ్ళ ముసలాళ్ళు మేడమెట్లు ఎక్కుతున్నారు. కాకపోతే మేలు చేసేవాడికో దురద ఉంటుంది, చేసినచోట ఆగడు. సెగ పెరిగితే పొయ్యి ఆర్పడం, బండి ఆపడం పట్టీకి అప్పగించారు. ఆ పైన సెగదూరం పెట్టారు. ఇద్దరు మనుషులు ఎదురుపడ్డప్పుడల్లా పట్టీలు ఎర్రబడితే ఆ ఇద్దర్నీ విడదీస్తారు. ఒకరి వీధికి ఇంకొకర్ని ఏ బండీ తీసుకుపోదు, ఏ తలుపూ తెరుచుకోదు.

అట్లా వెంకాయమ్మకి వదిన దూరమైంది.

వదిన భ్రమరాంబ, వెంకాయమ్మ అన్న భార్య. అన్న పోయాక ఆడపడుచూ వదినా ఒకే కప్పు కింద సారె అరిసెలు వండేవాళ్ళు. వెంకాయమ్మ పాకం పడుతుంది, భ్రమరాంబ నూనెలోంచి తీసి చెక్కల మధ్య నొక్కుతుంది. చేతులు అరిసెల మీద, నోళ్ళు ఒకరి మీద ఒకరు. మొన్న వేసవిలో ఓ అరిసె నూనెలో విడిపోతే భ్రమరాంబ, "నీ దుంప తెగ! ఇది పాకమా, పానకమా?" అంది. రెండు పట్టీలూ ఎర్రబడ్డాయి. మర్నాడు తాఖీదు వచ్చింది: "ఎదుటి వ్యక్తి మీ దుంపను తెగగోయ సంకల్పించినట్లు నమోదైనది. దుంప ఏ అవయవమో పరిశీలనలో ఉన్నది."

ఆ తాఖీదు చదివి ఇద్దరూ పొట్ట పట్టుకు నవ్వారు. సాయంత్రానికి భ్రమరాంబని కాలవ అవతలి ఇంటికి మార్చారు.

అప్పట్నుంచి వెంకాయమ్మని పల్లెత్తు మాట అన్నవాళ్ళు లేరు. సెగ మాత్రం దిగలేదు. వేళ్ళ కణుపులు వాచి, పొద్దున్నే గుప్పెట ముడుచుకోనంటోంది. శుక్రవారం భ్రమరాంబ మనవరాలికి సీమంతం. ఆ సారెలోకి యంత్రం నొక్కిన అరిసెలు వెళ్ళాయంటే తను ఉన్నా పోయినట్టే.

గుమ్మంలో ఎదురింటి కోదండంగారు నిలబడ్డారు. తాలూకా ఆఫీసులో చేసి దిగిన మనిషి. ఒక్కరే ఉంటారు. ఎవర్నీ నొప్పించరు, ఎవరూ ఆయన్ని కదిలించరు. ఆయన పట్టీ ఎప్పుడూ పసుపే.

"మీ వదినగారు లేక వీధి బోసిపోయిందండీ. మీ గోల వింటూ అన్నం తినేవాణ్ణి. ఇప్పుడు సహించడం లేదు."

"మాది గోలైతే మీకు కూరైందా బాబూ?" అని నవ్వబోయింది వెంకాయమ్మ. నవ్వు సగంలో ఆరిపోయింది. చెంగు దులుపుకుని సెగశాలకి బయల్దేరింది.

సెగశాల డాక్టరు యామిని గోడ మీద వెంకాయమ్మ సెగచిత్రం వెలిగించింది.

"చల్లారికలు రెండింతలు పోశాను అమ్మమ్మా, ఎందుకు దిగదు? సరే, వేసవికి ముందు ఈ తాడిచెట్లేంటి? నిటారుగా లేవడం, అంతలోనే నేలకి దిగిపోవడం."

వెంకాయమ్మ కళ్ళు చికిలించి చూసింది. "అదా? వదిన పుట్టింటోళ్ళ పిసినారితనం ఎత్తినరోజు. ఆ పొడుగుది, నా నడక బాతు నడకందే, ఆరోజు."

"తర్వాత చెట్లు లేవు. నేలే వరదలా లేస్తోంది. ఇవేం రోజులు?"

వెంకాయమ్మ ఒడిలో చేతులు చూసుకుంది. "ఎవరూ ఏమీ అనని రోజులమ్మా."

యామిని ఆ వరద గీత మీద వేలు పెట్టింది. "తిట్టు కాసేపు మండి ఆరిపోతోంది. తోడు లేకపోవడం ఆరడం లేదు. ఒంటరిగా ఉన్న ఒళ్ళు, ఎవరొచ్చి కొడతారో అని రాత్రింబవళ్ళు కాపలా కాస్తుంది. ఆ కాపలాయే మీ కణుపుల్ని కొరుకుతోంది."

"అయితే మా వదినని తెచ్చిపెట్టు."

"సెగదూరం తీసే అధికారం నాకు లేదు అమ్మమ్మా. మందు రాసే అధికారం ఉంది. మందుకి సెగదూరం అడ్డురాదు." యామిని గోడవైపు తిరిగింది. "మందు: వదిన."

"జాబితాలో లేదు," అంది గోడ. "క్రొత్తగా చేర్చవలెనా?"

"చేర్చు."

"మోతాదు?"

యామిని తడబడింది. "అమ్మమ్మా, పాకంలో నీళ్ళెన్ని పొయ్యాలంటే మీరేం చెప్తారు?"

"తగినంత."

"తగినంత," అంది యామిని గోడతో.

గురువారం పొద్దున భ్రమరాంబ బండి దిగింది. వెంకాయమ్మ గుండె గంతేసింది. భ్రమరాంబ మాత్రం పట్టీ వంక భయంగా చూసుకుంటూ, పెళ్ళిచూపులకొచ్చినదానిలా చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"బాగున్నారా వెంకాయమ్మగారూ?"

ఆ 'గారూ' వెంకాయమ్మకి చెంపదెబ్బలా తగిలింది. "బాగానే ఉన్నామండీ," అంది బిక్కమొహంతో.

మళ్ళీ విడదీస్తారని భ్రమరాంబ భయం. పొయ్యి వెలిగింది, బెల్లం కరిగింది. "బెల్లం శ్రేష్ఠంగా ఉందండీ." "మీ దయండీ." పోయినచోట పరామర్శలా ఉంది వరస. పట్టీలు పసుపు వదల్లేదు.

వెంకాయమ్మ పాకం చుక్క నీళ్ళలో వేసి చూసింది. మెత్తగా ఉండకట్టింది, సరైన పాకం. దించాలి. వదిన వంక ఓరగా చూసి, దించలేదు. పాకం ఇంకాస్త ఉడికింది. ఇంకాస్త. వాసన మారింది. భ్రమరాంబ పెదాలు బిగించింది. ముక్కు ఎగరేసింది. చీర కుచ్చిళ్ళు నలిపింది. వెంకాయమ్మ తాపీగా ఇంకో చుక్క వేసింది. అది గిన్నెలో టంగుమంది.

"నీ దుంప తెగ!" అని అరిచింది భ్రమరాంబ. "నా మనవరాలి సారెకి ముదురుపాకమా! అవి సీమంతానికా, మేడ పునాదికా? తియ్యవే! ఇన్ని నెలలు నేను లేకపోతే నీకు చేతులే కాదు, బుర్ర కూడా వాచిందే!"

"వచ్చావా వదినా?" అంది వెంకాయమ్మ. కళ్ళు నిండిపోయాయి. "ఇంతసేపూ ఎవరో పరాయి మనిషొచ్చిందనుకున్నాను."

భ్రమరాంబ గిన్నె వంకా, వెంకాయమ్మ వంకా చూసింది. "కావాలనే ముదరబెట్టావుటే, దొంగమొహమా?"

పట్టీలు ఎర్రగా మండి కీచుమన్నాయి. పొయ్యి ఆరబోయి, మందు సంగతి గుర్తొచ్చినట్టు మళ్ళీ వెలిగింది. కొత్త పాకం పట్టారు. బాతు నడక వచ్చింది, పుట్టింటి పిసినారులు వచ్చారు. అరిసెల బుట్ట నిండేసరికి రెండు పట్టీలూ పచ్చి అరిటాకు రంగులో నిద్రపోతున్నాయి. వెంకాయమ్మ గుప్పెట పూర్తిగా కాదుగానీ, ఓ అరిసె పట్టుకునేంత ముడుచుకుంది.

గుమ్మంలో దగ్గు వినపడింది. కోదండంగారు పట్టీ ఉన్న చెయ్యి చాపి, అర్జీదారులా నిలబడ్డారు.

"క్షమించాలి. నా సెగచిత్రం కూడా వరదలాగే ఉందిట. పట్టీకి ఇందాక సెగశాల నుంచి కొత్తమందు వచ్చింది. 'వదిన, తగినంత' అంటోంది." ఆయన చాపిన చెయ్యి దించారు. "నాకు వదిన లేదండీ. ఎవరూ లేరు."

ఆయన వెనక పక్కవీధి ముసలమ్మా, ఇంకా ఎవరెవరో పసుపు పట్టీల చేతులతో తొంగిచూస్తున్నారు.

భ్రమరాంబ కోదండంగార్ని పైనించి కిందికి చూసింది. అన్నేళ్ళ నుంచీ ఆయన్ని 'మీరు' తప్ప అనలేదు.

"నీ దుంప తెగ," అంది మెల్లగా. "గుమ్మంలో నిలబడి ఈగల్ని రానిస్తావేం? లోపలికొచ్చి చెక్కలు పట్టు!"

కోదండంగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, లోపలికొచ్చి అరిసెని బలంకొద్దీ నొక్కారు. అది మూడు ముక్కలైంది.

"నొక్కమన్నాను గానీ తొక్కిపెట్టమన్లేదయ్యా!" అంది వెంకాయమ్మ. "అది అరిసె, అర్జీ కాదు!"