ఏమీ మూయని గుండీలు

"అమ్మా! చీమలు!"

కూతురి కేకకు కుట్టుమిషను తొక్కుతున్న తల్లి కాలు ఆగిపోయింది. గోడవారగా బయల్దేరిన సన్నని చీమలబారు తిన్నగా మిషను కింద గుండీల డబ్బాలోకి వెళ్తోంది...

ఆ డబ్బా కథ ఇంట్లో తెలియనిది కాదు. భర్త పోయిన ఏడాది నుంచి ఆమె గుండీల అడుగున చక్కెర బిళ్ళలు దాచుకునేది. కాలరు కుట్టి ఒకటి, చేతులు అతికి ఒకటి... ఏడుపు వచ్చినప్పుడల్లా ఒకటి! చివరికి కుడికాలి బొటనవేలికి పుండు పడింది. మానలేదు, నల్లబడింది. "రెండు నెలలు చూస్తానమ్మా. షుగరు దిగకపోతే వేలు తీసేయాల్సిందే" అని డాక్టరమ్మ మెత్తగానే చెప్పింది. ఆ గడువు రేపటితో సరి!

"మళ్ళీ తింటున్నావా?" కూతురు నిలదీసింది. "అచ్చాఫీసు నుంచి వచ్చి రోజూ నీ కాలికి కట్టు కడుతున్నానే! పంచదార డబ్బా అవతల పారేశానే! నోటికి తాళం వేస్తే ముక్కుతో తింటావా అమ్మా?"

"అరవకే తల్లీ... పక్కింటివాళ్ళు వింటారు."

"విననీ!"

కోపంగా డబ్బా బోర్లించింది. గుండీలు గది నిండా దొర్లాయి. డబ్బా వెనక మడత పెట్టి దాచిన పాత దుప్పటి ఒకటి బయటపడింది. విప్పి చూస్తే, వరసలు వరసలుగా గుండీలు! తెల్లవి, నల్లవి, విరిగినవి... ఒక్కదానికీ కాజా లేదు. అవి దేన్నీ మూయవు.

"ఇదేంటమ్మా?"

తల్లి దుప్పటి కొసను ఒళ్ళోకి లాక్కుని మెల్లగా చెప్పింది. అలసిపోయిన మనిషికి మాట కూడా బరువే కదా!

"నీళ్ళు తాగమన్నారు, కడుపు చెరువయింది. పళ్ళు తోముకోమన్నారు, చిగుళ్ళు అరిగాయి. కోరిక పది నిమిషాలే ఉంటుందంది డాక్టరమ్మ. ఆ పది నిమిషాలూ నేనెక్కడికి పోనే? అందుకే ఒక గుండీ తీసుకుంటాను. నాలుగు కన్నాలు. సూది దూర్చినప్పుడల్లా 'దేవుడా, ఇది కుట్టేదాకా నన్ను పట్టుకో' అనుకుంటాను. ముడి వేసేసరికి సగం పోతుంది. పోకపోతే ఇంకోటి కుడతాను... అంతేనే. అంతకంటే నాకు చేతకాలేదు."

కూతురి వేళ్ళు వరసల మీద నడిచి చివర్లో ఒకచోట ఆగాయి. "ఇక్కడ ఖాళీ ఎందుకుంది?"

తల్లి తల వంచుకుంది. దొర్లిన గుండీల మధ్యనుంచి గుడ్డపీలికలో చుట్టిన చక్కెర బిళ్ళ తీసింది. సగం కొరికి ఉంది. చీమలు దాన్ని వదల్లేదు.

"నిన్నటిది. వేలు తీస్తే పాదం తీస్తారు, పాదం తీస్తే మిషనెవరు తొక్కుతారు, నేను మంచాన పడితే నీకెవరున్నారు... అని ఆలోచిస్తూ ఆలోచిస్తూ నోట్లో వేసుకున్నాను! సగంలో తెలివొచ్చి ఉమ్మేశాను. ఓడిపోయాను తల్లీ... ఆ చోట గుండీ కుట్టడానికి మనసొప్పలేదు." కళ్ళొత్తుకుంది. "అయినా నా వేలు సంగతి సరే... నీ సంచీలో రోజూ చాక్లెట్టు కాగితాలు చూస్తున్నాను. నా పాడు అలవాటు నీకూ అంటించానా అన్నదే నా భయం!"

కూతురు ముఖం తిప్పుకుంది. సూదిలో దారం ఎక్కించి తల్లి చేతిలో పెట్టింది.

"ఖాళీ అలాగే ఉండనీ అమ్మా. దాని పక్కన ఇవాళ్టిది కుట్టు."

మర్నాడు డాక్టరమ్మ రక్తం రిపోర్టు చదివింది. కట్టు విప్పి రెండుసార్లు చూసింది. "షుగరు దిగింది. అడుగున కొత్త చర్మం పడుతోంది. ఈసారికి కత్తి అక్కర్లేదు."

బయటికి రాగానే తల్లి కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఈసారికి అందేంటే? అంటే వచ్చేసారికి...?"

"అమ్మా! నీకు వరమిచ్చినా అనుమానమే!" ఎన్నో రోజుల తర్వాత కూతురు నవ్వింది.

వారం తిరిగాక ఒక సాయంత్రం కూతురు అచ్చాఫీసు నుంచి వచ్చింది. ఎవరికో బిడ్డ పుట్టిందట, స్వీటు పొట్లం చేతిలో పెట్టారు. సంచీలోంచి తీసింది. విప్పబోయింది. అలాగే నిలబడిపోయింది... పొట్లాన్ని కిటికీ గట్టు మీద పెట్టి, గొంతు తగ్గించి అడిగింది.

"అమ్మా... సూదెక్కడ?"

తల్లి కట్టున్న కాలు మెల్లగా పక్కకు జరుపుకొని, మంచం మీద చోటిచ్చి, దుప్పటి రెండో కొస కూతురి ఒళ్ళో పరిచింది.

"గుండీ నువ్వే ఏరుకో" అంది.