ముప్ఫై ఏడు సబ్బుల పెట్టె

అట్టపెట్టె సగం గుమ్మంలోకి వచ్చింది. మిగతా సగం వీధిలో వానకు తడుస్తోంది.

"ఇదేంటి?" అంది సబ్బుల షాపు అమ్మాయి.

"మీరు చెప్పిన పెట్టేనండీ," వీధిలో ఉన్న కొస పట్టుకుని అన్నాడు పెట్టెలు చేసే అబ్బాయి. "ముప్ఫై ఏడు గుండ్రటి సబ్బులకి."

"నేను పెట్టె చెప్పాను. నిచ్చెన చెప్పలేదు."

అతను జేబులోంచి ఆమె రాసిచ్చిన చీటీ తీశాడు. "వరసలన్నీ సమానంగా ఉండాలి, ఒక్క గడీ ఖాళీ ఉండకూడదు అన్నారు. రెండేసి పెట్టానండీ, ఒకటి మిగిలింది. మూడేసి పెట్టినా ఒకటే. అయిదేసి పెడితే రెండు. ఆ నంబరు మొండిదండీ, ఎలా విడగొట్టినా విడదు. ఒక్క వరసలోనే కుదిరింది."

"మీ బుర్రకి తట్టింది ఇదా?"

"ముప్ఫై ఆరయితే ఆరారుగా హాయిగా కూర్చునేవి కదా! ఆ ఒక్కటీ ఎందుకండీ?"

"మూడు డజన్లు బేరం, ఒకటి కొసరు. నాన్న అందరికీ మాటిచ్చేశారు."

ఆ నాన్న లోపలి నుంచి వచ్చి, పెట్టెని ఈ చివర నుంచి ఆ చివరి దాకా చూశాడు. చూడటానికే కాస్త సమయం పట్టింది. "సాయంత్రంలోగా సరైన పెట్టె తేకపోతే మిషన్ మీద పెట్టెలు చేసేవాళ్ళకి చెప్పేస్తాను బాబూ," అని వెళ్ళిపోయాడు.

ఈ పని పోతే అబ్బాయికి చెప్పుల షాపు ఉంది, గాజుల షాపు ఉంది. వాటిలో ఈ అమ్మాయి లేదు. ఒక్కసారే తేగల పెట్టెల్ని ఎనిమిది నెలలుగా నాలుగు విడతలుగా తెస్తున్నాడు పాపం.

ఇద్దరూ బల్ల ముందు కూర్చున్నారు. అతను వరసలు పేర్చాడు, చెరిపాడు.

"ఆ కొసరుని ఎప్పుడూ చివర్న ఎందుకు పెట్టడం?" అంటూ ఆమె ఒక సబ్బు తీసి నడిమధ్యన పెట్టింది. దాని చుట్టూ ఆరు బిగువుగా పట్టాయి. వాటి చుట్టూ పన్నెండు. వాటి చుట్టూ పద్దెనిమిది.

ఒక్కటీ మిగల్లేదు. అతను రెండుసార్లు లెక్కపెట్టాడు. మొదటిసారి ఆమె వేళ్ళు చూస్తూ లెక్క తప్పాడు.

నాలుగింటికల్లా ఆరు మూలల పెట్టె తయారైంది. నాన్న ఊపి చూశాడు. చప్పుడు లేదు.

"భేష్. ఇక నువ్వు తిరగక్కర్లేదు బాబూ, నెలకోసారి నేనే బండి పంపిస్తా."

"నేను తెస్తానండీ."

"నీకెందుకు శ్రమ?"

"శ్రమ కాదండీ."

"మరేంటి?"

అతను పైకప్పు చూశాడు. అక్కడేమీ రాసి లేదు. "మీ అమ్మాయండీ," అన్నాడు.



"నాన్నా," అంది అమ్మాయి సబ్బులు సర్దుతూ, "చుట్టూ ఇంకో వరస పెడితే అరవై ఒకటి అవుతాయి. అదీ విడదు. ఆ పెట్టెకి కొలతలు తీసుకోవాలి."

"అరవై ఒకటి ఎవరడిగారు?"

"నేనే," అని అబ్బాయి వైపు తిరిగింది. "రేపు పొద్దున్నే రా."

ఇన్నాళ్ళూ 'రండి' అన్న మనిషి. అతను మూత తీసి ఉన్న తన జిగురు డబ్బా మీద కూర్చోబోయి ఆగాడు.

నాన్న వేళ్ళు మడిచాడు. "దాని చుట్టూ ఇంకోటి వేస్తే?"

"తొంభై ఒకటి. ఏడు పదమూళ్ళు," అంది అమ్మాయి. "అది విడిపోతుంది నాన్నా."

నాన్న కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"అయితే అంతదాకా పోనివ్వొద్దు. రేపు వచ్చేటప్పుడు మీ అమ్మానాన్నల్ని వెంటబెట్టుకు రా బాబూ."