మెతుకు వదలని శాల

బెల్టు మీద మడిచిన విస్తళ్ళు వరుసగా వస్తున్నాయి. భానుకుమారి ఒక్కొక్కటీ విప్పి, ఏం మిగిలిందో చూసి, ఆసనం సంఖ్య చదివి పంపేస్తోంది. ముందుగా బయటి శాలవి వచ్చాయి. కరివేపాకు, ఎండుమిరప తొక్కలు, ఈవేళ కొత్తగా ములక్కాడ పిప్పి. ఉప్పుగాలిని తట్టుకుని తేలుడు పట్టణం కప్పు మీద ములగచెట్లు కాయడం ఇదే మొదలు. రెండు శాలల్లోనూ తలా రెండు ముక్కలని వంటశాల పలక మీద రాశారు.

తర్వాత లోపలి శాలవి వచ్చాయి. ఎప్పటిలాగే తుడిచినట్టున్నాయి. ఒక్క మెతుకు లేదు. తినడమంటే అలా తినాలి అని భానుకు వాళ్ళంటే రెండేళ్ళుగా గౌరవం. ప్రతి నెలా నివేదికలో ‘మెతుకు వదలని శాల’ అని తనే మెచ్చుకుంటూ రాసింది. అక్కడ ఖాళీలు కూడా త్వరగా వచ్చేవి. ఖాళీ వచ్చిందంటే ఎవరికో ఒడ్డు మీద ఇల్లు దొరికినట్టేనని పట్టణమంతా అనుకునేది. అందుకే ఎవరెవరినో బతిమాలి, ఇరవై రోజుల కిందట పల్లాలమ్మ పిన్నిని అక్కడ చేర్పించింది.

నలభయ్యో విస్తరి దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

మెతుకులంటే ఏరుకు తింటారు సరే. పిప్పి ఏమైంది? ములక్కాడ పిప్పిని మింగే మనిషి ఈ భూమ్మీద ఉన్నాడా?

బెల్టు ఆపి, రెండు వందల పదిహేడో సంఖ్య వెతికింది. అది పిన్ని విస్తరి. ఒద్దికగా తనవైపు మడిచింది. విప్పితే పొడిగా ఉంది. వేలితో రాసి చూసింది. పసుపు మరక లేదు, నూనె జిడ్డు లేదు. వెంటనే పిన్నికి ఫోను కలిపింది.

“భోంచేశావా పిన్నీ?”

“ఆఁ, కడుపు నిండిపోయిందే తల్లీ.”

“నువ్వు నాటిన ములగచెట్టు కాసింది. ముక్కలు ఎలా ఉన్నాయి?”

“ముక్కలా? ఏం తిన్నానో గుర్తులేదే. కడుపు మాత్రం నిండింది.”

ఆ విస్తరి పట్టుకుని పరుగెత్తిన భానుకు శాలాధికారి ఆదిశేషు లోపలి శాల గుమ్మం దగ్గరే ఎదురయ్యాడు. పిన్ని విస్తరి అతని ముఖం ముందు పెట్టి, “ఇదేంటండీ?” అంది. అతను తడుముకోలేదు. గుమ్మం మీద చెక్కిన అవ్వ వాక్యం వైపు చూపించాడు. సముద్రం ఊళ్ళను మింగిన ఏడు, పడవల్లో వచ్చినవాళ్ళకు వండిపెట్టిన అవ్వ చెప్పింది ఒక్కటే మాట: ‘ఆకలితో వచ్చినవాడు తృప్తితో లేవాలి.’

“అందులో అన్నం ఎక్కడుంది భానమ్మా? అన్నం ఆ మాటకు బయటి టీక. తృప్తి లోపలి టీక. అవ్వ మాటకు అర్థం చెప్పే యంత్రం, మన వ్యాఖ్యాత, రెండూ తూచింది. అన్నం పెట్టే శాలలో తృప్తి నూటికి ఎనభై దాటదు. ఉప్పు చాలలేదనేవాడొకడు, మారు వడ్డించలేదనేవాడొకడు. ఇక్కడ నూటికి నూరు. సోమవారం నుంచి బయటి శాల కూడా ఇలాగే.”

“మరి ఇక్కడ ఖాళీలు...”

“తృప్తిగానే పోతారమ్మా. ఒక్కరూ బాధపడలేదు. అయినా నువ్వు రాసిన నివేదికలు చూసే కదా వ్యాఖ్యాత తేల్చుకుంది.”

రెండేళ్ళు. నెలకో మెచ్చుకోలు. భాను అతన్ని తోసుకుని లోపలికి వెళ్ళింది.

నాలుగు వందల మంది బారులు తీరి కూర్చుని ఉన్నారు. వాళ్ళకే కొత్త విస్తళ్ళతో రెండో పంక్తి నడుస్తోంది. వడ్డించేవాళ్ళు లేరు. నడుమ ఒక స్తంభం సన్నగా రొద చేస్తోంది. అందరూ ఖాళీ విస్తళ్ళలో వేళ్ళతో కలిపి, ముద్ద చేసి, నోటికి ఎత్తుకుంటున్నారు. నములుతున్నారు. వేళ్ళు నాకి విస్తళ్ళు మడుస్తున్నారు. ఒకాయన చాలు చాలు అన్నట్టు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు, ఎవరూ లేని గాలికి.

పిన్ని తన విస్తరి మడిచి నవ్వుతూ తల ఎత్తింది. ఆమె గాజులు మోచెయ్యి దాటి పైకి జారిపోయి ఉన్నాయి. ఇరవై రోజుల్లో మనిషి సగమైంది.

“వచ్చావా భానూ. కూర్చో, తిను.”

ఆ రొదకు అప్పటికే భాను కడుపులో హాయిగా ఉంది. పెళ్ళిభోజనం చేసి లేచినట్టుంది. కోపం మెల్లగా కరిగిపోతోంది. అంతా బాగానే ఉంది కదా అనిపిస్తోంది. అలా అనిపించడమే ఆమెను హడలగొట్టింది. చేతిలోని పొడి విస్తరిని నలిపి పట్టుకుని స్తంభం దాకా నడిచింది. శాల కడిగే రోజున రొద ఆపడానికి దానికో ఎర్ర మీట ఉంది. ఆపితే వీళ్ళందరికీ దాచిపెట్టిన ఆకలంతా ఒక్కసారిగా తెలుస్తుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసే కిందికి లాగింది.

రొద ఆగింది.

ముందు ఎవరూ కదల్లేదు. తర్వాత ఒక మూల నుంచి మూలుగు వినిపించింది. అది వరుస వెంట పాకి శాలంతా నిండింది. పిన్ని పొట్ట పట్టుకుని ముందుకు వంగిపోయింది. ఆ బాధ చూడలేక భాను భోరున ఏడ్చింది.

“ఏం చేశావే? ఆకలేస్తోందే భానూ. చచ్చేంత ఆకలేస్తోంది.”

“ఉండు పిన్నీ, ముందు గంజి తెస్తాను” అంటూ భాను బయటి శాల వైపు పరుగెత్తింది.

“తృప్తి సున్నా,” అంది పైనుంచి వ్యాఖ్యాత గొంతు. “అవ్వ వాక్యానికి భంగం కలిగింది. శాలాధికారి మీట పైకి ఎత్తవలెను.”

ఆదిశేషు స్తంభం దగ్గరికి వచ్చి మీట మీద చెయ్యి వేశాడు. ఒక్క తోపు చాలు, అందరూ మళ్ళీ నవ్వుతారు. కానీ అతని చుట్టూ మడిచిన విస్తళ్ళు ఒక్కొక్కటే విప్పుకుంటున్నాయి. పిన్ని కూడా తన విస్తరి విప్పింది. నీళ్ళు చిలకరించి, అరచేత్తో తుడిచి, దగ్గర్లో నిలబడ్డ మనిషి వైపు తల ఎత్తింది.

“నిలబడ్డావేం నాయనా? వడ్డించు.”