ఆపరేషన్ రివోక్

కమాన్‌పూర్ రోడ్డు మీద ఎల్లేశాన్ని గుద్ది చంపిన లారీకి నంబర్ ప్లేటు లేదు.

"యాక్సిడెంట్ కాదు," ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "కోబాల్ట్ ముఠా పని. ఎల్లేశం మన ఇన్‌ఫార్మర్. గోదావరిఖనిలో రిటైరైన కార్మికుల చేత వాళ్లు క్రిప్టో వాలెట్లు తెరిపించారు. అందరూ ముఠా రాసిన ఒకే కాంట్రాక్టు ప్రోగ్రాంకు అన్‌లిమిటెడ్ అప్రూవల్, అంటే ఎంతైనా తీసుకునే అనుమతి, ఇచ్చేశారు. విదేశంలో కూర్చుని ఒక్క బటన్ నొక్కితే, ఎవరినీ అడక్కుండా అన్నీ ఖాళీ చేస్తారు. ముహూర్తం ఈరోజు, వాళ్లు పెట్టిన బోనస్ మీటింగ్‌లో. లోపల సంతోషి మన మనిషి."

ఏజెంట్ భూపాల్ పళ్లు పటపటా కొరికాడు. తన తండ్రితో కలిసి బొగ్గుబాయి దిగినవాడు ఎల్లేశం.

వెయిటర్ వేషంలో ఫంక్షన్ హాల్లోకి వెళ్లాడు. స్టేజీ పక్కన ఆకుపచ్చ పట్టుచీరలో మెరిసిపోతోంది సంతోషి.

"సెకండ్ షిఫ్టు ఎప్పుడు మేడం?" ట్రే చాపాడు.

"కేజ్ దిగింది," కోడ్‌తో బదులిచ్చింది. "కంగారేం లేదు. అందరిచేతా వాలెట్ డిస్కనెక్ట్ చేయిస్తాను. సరిపోతుంది."

భూపాల్ ఒళ్లు మండిపోయింది. డిస్కనెక్ట్ చేస్తే వెబ్‌సైటుతో లింకు మాత్రమే తెగుతుంది. ఇచ్చిన అనుమతి అలాగే ఉంటుంది. ఈ సంగతి తెలియకుండా ఆమె ఏజెంట్ కాలేదు.

"ఎంతకు అమ్ముడుపోయినవ్?"

సంతోషి వేలు చేతి గాజు మీదున్న బటన్‌ను తాకింది. చెయ్యి మెలితిప్పి గాజు లాగేశాడు. కానీ ముఠాకు సిగ్నల్ వెళ్లిపోయింది.

"ఎల్లేశం కాకను ఎందుకు చంపించిండ్రు?"

"అందరికీ రివోక్, అంటే ఇచ్చిన అనుమతి రద్దు చేయడం, నేర్పుతానన్నాడు."

ఆమెను బయట కాపున్న కమాండోలకు అప్పగించి, భూపాల్ మైకు గుంజుకున్నాడు.

"నేను మీతోని బాయి దిగిన సదయ్య కొడుకును. జల్ది ఫోన్లు తీయుండ్రి. ఎవ్వలు పంపిన లింకు నొక్కద్దు, నేను పంపినా సరే. మీ వాలెట్లనే అప్రూవల్స్ పేజీ ఉంటది. అండ్ల అన్‌లిమిటెడ్ అని ఉన్నదాన్ని రివోక్ కొట్టుండ్రి. ఇగ ముందట ఎవ్వలకన్నా పర్మిషన్ ఇస్తే, ఎంత అవసరమో అంతకే ఇయ్యాలె."

"డబ్బు లాగేసే వాళ్ల బాట్ ప్రోగ్రాం లోడవుతోంది," చీఫ్ అరిచాడు.

హాలంతా వేళ్లు ఫోన్ల మీద పరుగెత్తాయి. భూపాల్ చేతిలోని ట్రాకర్ మీద, ఒక్కో అప్రూవల్‌కు ఒకటిగా వెలుగుతున్న ఎర్రచుక్కలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. చివరికి ఒక్కటి మిగిలింది.

"నాది అయితలేదు బిడ్డా," గట్టయ్య ఫోన్ చూపించాడు. "గ్యాస్ లేదంటున్నది."

"అది నెట్‌వర్క్ ఫీజు కాక," అంటూనే భూపాల్ తన వాలెట్ నుంచి కాస్త పంపాడు. "ఇప్పుడు కొట్టు."

గట్టయ్య బొటనవేలు ఆనింది. చివరి చుక్క ఆరిపోయింది. మరుక్షణం ట్రాకర్ నిండా ముఠా లావాదేవీలు వరుసగా పడ్డాయి. ఫెయిల్డ్. ఫెయిల్డ్. ఫెయిల్డ్.

భూపాల్ పిడికిలి మాత్రం విడలేదు. ఎల్లేశం దీన్ని చూడలేదు.

గట్టయ్య కుర్చీలో కూలబడి, ఫోన్‌ను కోపంగా చూశాడు. "బాయిల గ్యాస్ ఉంటె సస్తమని జిందగంత భయపడ్డ బిడ్డా. గీడ గ్యాస్ లేకుంటె సస్తరా, ఏంది?"