ముందు తగిలించిన ముక్క

"స్టేషన్‌కి నువ్వే వెళ్ళాలమ్మా," అన్నాడు పెద్దాయన, వేలాడుతున్న కోట్ల మధ్య నుంచి తల బయటపెట్టి. డ్రైక్లీనింగ్ షాపు వెనక గదే గూఢచారి డిపార్ట్‌మెంట్ ఆఫీసు.

టీచరమ్మ స్టూలు మీద కూర్చుని మోకాలు రాసుకుంటోంది. అది ఆమె కోడ్‌నేమ్. బయటి ఉద్యోగమూ అదే, సాయంత్రం పూట స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు. యాభై దాటిన ఆడమనిషికి ఇంకో మారువేషం అక్కర్లేదు. వీధిలో ఎవరూ రెండోసారి చూడరు.

"మరి నా క్లాసు?"

"సిల్క్ చూసుకుంటుంది. విదేశీ ముఠా బాస్ సాయంత్రం రైల్లో దిగుతున్నాడని సమాచారం తెచ్చింది కూడా ఆమే. వాడి మొహం చూసినదానివి నువ్వొక్కదానివే."

సిల్క్ డిపార్ట్‌మెంట్ ముఠాలో పెట్టిన డబుల్ ఏజెంట్. ముఠా జీతం, డిపార్ట్‌మెంట్ జీతం రెండూ తీసుకుంటుంది. అందగత్తె. ఆమె పక్కన నిలబడితే టీచరమ్మకి తను ఉతికి ఆరేసిన బట్టలా అనిపిస్తుంది.

"ఇంజనీరు మాటేమిటి?"

"రేపు కోర్టులో ముఠా మీద సాక్ష్యం చెప్పేదాకా గది దాటకూడదు. బోర్డు మీద లాక్. అంతే."

ఇంజనీరు దాక్కున్న గది క్లాసుకి ఎదురుగా, వీధికి అవతలి మేడ మీద ఉంది. ఫోన్లు ముఠా వింటుంది కాబట్టి కబుర్లన్నీ బ్లాక్‌బోర్డు మీదే నడుస్తాయి. ప్రిఫిక్సులు, సఫిక్సులు అంటూ మాటకి ముందూ వెనకా తగిలించే ముక్కలు చెప్పే క్లాసులో బోర్డు మీద ఏ మాట ఉన్నా ఎవరికీ అనుమానం రాదు. ఉత్త లాక్ అని ఉంటే కదలొద్దని. ముందు అన్ తగిలిస్తే దారి క్షేమం, దిగి రమ్మని. బోర్డు ఖాళీగా ఉంటే ప్రమాదం, తలుపు గడియ పెట్టుకోమని. అన్‌లాక్ కనిపించగానే ఇంజనీరు లైటు ఆర్పి, బూట్లు తొడుక్కుని, ఇంకొక్కసారి బోర్డు చూసి అప్పుడు తలుపు తియ్యాలి. ఆ రెండోసారి చూడ్డం టీచరమ్మ పెట్టిన షరతు. ఆయన్ని క్షేమంగా ఇల్లు చేరుస్తానని ఆయన భార్య చేతిలో చెయ్యి వేసి చెప్పింది మరి.

స్టేషన్లో రైలొచ్చింది, పోయింది. కూలీలు తప్ప ఎవరూ మిగల్లేదు. టీచరమ్మ బెంచీ మీద కూలబడి కళ్ళజోడు పెట్టె చెవి దగ్గర పెట్టుకుంది. అందులో చిన్న రేడియో ఉంది. బ్యాటరీ మార్చమని ఎన్నిసార్లు అడిగినా పెద్దాయన వినలేదు. గరగర మధ్య నాలుగు ముక్కలు వినిపించాయి.

"...ముఠా వ్యాను... మీ క్లాసు వీధిలో... మనవాళ్ళు బయల్దేరారు... ఆలస్యమవుతుంది..."

తర్వాత పెట్టె మూగబోయింది.

స్టేషన్ మాట తెచ్చింది సిల్క్. క్లాసులో ఉన్నదీ సిల్క్. ఇక ఆలోచించడానికి ఏముంది? ముందు రిక్షా కోసం కేకేసింది, తర్వాతే దుఃఖం వచ్చింది. పోయిన చలికాలం తనకి జ్వరమొస్తే పక్కన కూర్చుని తడిగుడ్డ వేసిన పిల్ల ఇది.

వీధి మొదట్లో తెల్ల వ్యాను ఇంజను ఆడుతోంది. తలెత్తితే క్లాసు కిటికీలోంచి ట్యూబులైటు వెలుగులో బోర్డు కనిపించింది. అన్‌లాక్. ఎదుటి మేడ మీద లైటు ఆరింది.

ఆయన బూట్లు తొడుక్కుంటున్నాడు.

మెట్లెక్కుతుంటే మోకాళ్ళు బూతులు తిట్టాయి. గుమ్మం చేరేసరికి సిల్క్ ఎదురొచ్చి, ముద్దుగా భుజం మీద చెయ్యి వేసినట్టే వేసి, పెన్ను మొన పక్కటెముకకి ఆనించింది. ఆ పెన్నులో సిరా ఉండదని టీచరమ్మకి తెలుసు. తెప్పించి ఇచ్చింది తనే.

"వెనక బెంచీలో కూర్చో అక్కా," గుసగుసగా అంది సిల్క్. "ఒక్క నిమిషం. బోర్డు జోలికి వెళ్ళకు. నీకేం కాదు."

బోర్డు గదికి ఆ చివర ఉంది. కదిలితే అందులోని విషపు సూది దిగుతుంది. అరిస్తే వీధి దాటి వినపడదు. టీచరమ్మ పెద్దగా ఊపిరి పీల్చుకుని, రోజూ అన్నట్టే అంది.

"గుడ్ ఈవినింగ్, క్లాస్!"

క్లాసంతా లేచి నిలబడింది. అందరూ పగలంతా పనిచేసి వచ్చిన పెద్దవాళ్ళే. ముందు వరసలోంచి లీడరమ్మ డస్టర్ తీసుకుని గబగబా బోర్డు దగ్గరికి నడిచింది. ఆవిడ టైలరు. సుద్దపొడి పడితే టీచరమ్మకి దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. అందుకని టీచరమ్మ గుమ్మంలోంచి గుడ్ ఈవినింగ్ అనగానే లీడరమ్మ బోర్డు తుడిచేస్తుంది, పొడి అణిగాకే ఆమె లోపల అడుగు పెడుతుంది. క్లాసు మొదలైన వారం నుంచీ ఇదే మర్యాద.

"ఆగు! తుడవకు!" సిల్క్ గొంతు చీలింది.

"భలేవారే, మా మేడమ్ దగ్గితే మీరు మందు పోస్తారా?" వెనక్కి చూడకుండానే అంది లీడరమ్మ. "ఇందాక మీరొచ్చినప్పుడు తుడవలేదూ? మీకో రూలు, ఆవిడకో రూలా?"

ఇందాక తనకి తుడిచినప్పుడు సిల్క్ దాన్ని కాకా పట్టడం అనుకుని నవ్వి ఊరుకుంది. పాఠం చెప్పినదైతే కదా క్లాసు అలవాట్లు తెలియడానికి!

డస్టర్ రెండు ఊపులు ఊగింది. ముందు అన్ పోయింది, తర్వాత లాక్ పోయింది. నల్లటి బోర్డు మిగిలింది.

ఎదుటి కిటికీ చీకట్లో తెర కొంచెం కదిలింది. తర్వాత ఆ గదిలో లైటు వెలిగింది.

కింద జీపుల బ్రేకులు కీచుమన్నాయి. వ్యాను తలుపులు, కేకలు, పరుగులు. సిల్క్ చెయ్యి సడలింది. టీచరమ్మ పిల్లల చేతిలోంచి కత్తెర తీసుకున్నట్టు మెల్లగా పెన్ను తీసుకుంది.

"ఎందుకే?"

సిల్క్ చివరి బెంచీలో కూలబడింది. దగ్గర్నుంచి చూస్తే రంగు కింద కళ్ళు గుంటలు పడి ఉన్నాయి.

"ఏజెంట్‌గా చేరాను అక్కా. ముందు డబుల్ తగిలించింది మీరే. ఆ ముక్క పడ్డాక అసలు మాటకి అర్థమేమిటో నాకే తెలీలేదు. ఎవరో ఒకరి వైపు ఉండి నిద్రపోదామనుకున్నా. వాళ్ళు ముందు అడిగారు."

ఏ వైపుంటావని టీచరమ్మని కూడా ఎవరూ అడగలేదు.

పెద్దాయన మనుషులు సిల్క్‌ని తీసుకెళ్ళారు. ఆమెకి ఒంట్లో బాగాలేదని క్లాసుకి చెప్పింది టీచరమ్మ. అబద్ధమూ కాదు. ఇంజనీరు రేపటిదాకా లాక్. రిపోర్టు ఈ రాత్రికే కావాలని పెద్దాయన కబురు. ఇంటికి పోదామంటే, పనులు ముగించుకుని వచ్చిన మనుషులు పలకల్లాంటి మొహాలతో ఎదురు చూస్తున్నారు.

సుద్దముక్క తీసుకుని ముందు లాక్ అని రాసింది. దాని పక్కన ఆనాటి పాఠం.

"చివర లెస్ చేరిస్తే లేదని అర్థం. కేర్‌లెస్, శ్రద్ధ లేని. స్లీప్‌లెస్, నిద్ర లేని. టైర్‌లెస్, అలసట లేని."

లీడరమ్మ చెయ్యెత్తింది. పగలంతా కుట్టుమిషను తొక్కిన కాళ్ళు బెంచీ కింద చాపుకుని ఉన్నాయి.

"అలసట లేని మనుషులు నిజంగా ఉంటారా మేడమ్?"

టీచరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"డిక్షనరీలో ఉంటారమ్మా."