చెవి విరిగిన నీటిగుర్రం

తకాత్ శవాన్ని కుళ్ళకుండా ఉప్పులో పెట్టడం ఇంకా కాలేదు. శవాల గుడారంలో ఆమె తల్లి హెనుత్, శవసంస్కారం చేసే పషెదు జుట్టు పట్టుకుంది.

"నా బిడ్డ మెడలో తాయెత్తు మార్చేశావు కదరా, శవాలు పీక్కుతినే కుక్కా!"

పడమటి గట్టు కావలి అధికారి నెహెసీ ఇద్దరినీ విడదీశాడు.

తకాత్ నిన్న కాన్పులో పోయింది. బిడ్డా దక్కలేదు. శవం మెడలో నీలంగా మెరిసే నీటిగుర్రం తాయెత్తు, కాన్పులు కాచే తవెరెత్ అమ్మవారి రూపం.

"మార్చిందేముందయ్యా?" అన్నాడు తకాత్ బావగారు అమెన్వా. తాయెత్తులు చేసి అమ్మడం అతని వృత్తి. "ఆమె దానికీ ఇదే చెవి విరిగింది. పెద్దావిడ దుఃఖంలో ఉంది."

"నది దాటి పొద్దున్నే వచ్చాను, గుడ్డిదాన్ని కాను! మా అమ్మ ఇచ్చిన రాయి అది. ముగ్గుర్ని కన్నాను దాంతో. ఇదసలు బరువే లేదు!"

నెహెసీ పషెదు వైపు తిరిగాడు. "శవం ఎప్పుడొచ్చింది?"

"ఇవాళ తెల్లారాక."

"మెడలో ఇదేనా?"

"ఇదేనయ్యా. నేను ముట్టలేదు. మా అమ్మ తోడు."

నెహెసీ తాయెత్తును ఎండలోకి తెచ్చాడు. రాతితో కాలు దగ్గర కొట్టాడు. పెచ్చు లేచింది. లోపల తెల్లటి పిండి.

"రాయి కాదు. కాల్చిన ఇసుకపిండి ముద్ద. పైపైనే నీలం. మరి చెవి విరిగిన చోట తెల్లగా ఉండాలిగా?"

తాయెత్తు తిప్పి చెవి చూపించాడు.

"అక్కడా నీలమే ఉంది. అంటే ఈ చెవి విరగలేదు. విరిగినట్టే తయారైంది. అసలు రాయికి బంకమట్టి అద్ది అచ్చు తీశారు. అచ్చు ఆరాలి, ముద్ద ఆరాలి, కొలిమిలో కాలాలి. ఒక్క రాత్రిలో అయ్యే పనా, అమెన్వా?"

"... కాదు."

"అయితే పషెదు దొంగ కాదు. తకాత్ బతికుండగానే ఇది మారింది. అమ్మా, ఆమె దాన్ని ఎవరికైనా ఇచ్చిందా?"

హెనుత్ అమెన్వా వైపు తిరిగింది. "తాడు తెగిందని కబురు పంపింది... కొత్త తాడు వెయ్యమని బావగారికి ఇచ్చానంది."

నెహెసీ అమెన్వాను మెడ పట్టి అతని ఇంటికి నడిపించాడు. వెనకే హెనుత్.

గుమ్మంలో అమెన్వా భార్య వెబ్‌ఖెత్ నిలబడి ఉంది. నిండు చూలాలు. మెడలో చెవి విరిగిన నీటిగుర్రం. రాయిది.

"ఇదెక్కడిది?"

"నిన్న రాత్రి మా ఆయన తెచ్చాడు." అందరి ముఖాలూ చూసింది. భర్త వైపు తిరిగింది. "ఇది తకాత్‌దా? 'తేలికైందేం బావగారూ' అని నా ముందే అడిగింది కదా! పాత తాడుకి పట్టిన జిడ్డు పోయిందన్నావు! నవ్వావు!"

"నీకోసమేనే! నీ రెండు కాన్పులూ పోయాయి..."

"నా పేరు చెప్పకు!"

తాడు పుటుక్కున తెంపి హెనుత్ చేతిలో పెట్టింది. హెనుత్ పిడికిలి బిగించింది. ఆ నిండు కడుపు వంక ఒక్కసారి చూసింది. మరు మాట లేకుండా గుడారం దారి పట్టింది.

నెహెసీ తాడు బిగించి చేతులు కడుతుంటే అమెన్వా పెనుగులాడాడు.

"అయ్యా, నా పెళ్ళాం మెడ బోసిగా ఉంది! ఇవాళో రేపో నొప్పులొస్తాయి!"

"నీ మరదలికీ వచ్చాయిరా," అన్నాడు నెహెసీ పళ్ళు కొరుకుతూ. "నడు."